క్వాంటమ్ డాట్‌లో ఎలక్ట్రాన్ టన్నెలింగ్: ఏ రేటుకు ఏ కొలత?

అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో భౌతికశాస్త్రం చదివి, లేదా కర్నూలు ట్రిపుల్ ఐటీ డీఎంలో ఎలక్ట్రానిక్స్ చదివి, అతిశీతల ప్రయోగాలు జరిగే చోటికి ఇంటర్న్‌షిప్‌కో పీహెచ్‌డీకో వెళ్లే విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఆమోదించిన జాతీయ క్వాంటమ్ మిషన్‌లో కంప్యూటింగ్ విభాగానికి బెంగళూరు ఐఐఎస్సీ కేంద్రమైంది కనుక, మన ఊళ్ల నుండి ఆ వైపు చూసేవారు ఇక ముందు పెరుగుతారే తప్ప తగ్గరు. స్పిన్ క్యూబిట్‌ల (ఎలక్ట్రాన్ స్పిన్‌లో సమాచారాన్ని నిలిపే క్వాంటమ్ బిట్‌ల) మీద పనిచేసే బృందంలో చేరిన విద్యార్థికి తరచుగా మొదట అప్పగించే పని, చిప్ మీద ఉన్న క్వాంటమ్ డాట్‌లో (కొన్ని ఎలక్ట్రాన్‌లనే బంధించి ఉంచే అతిచిన్న చోటులో) టన్నెలింగ్ ఎంత ఉందో, అంటే ఎలక్ట్రాన్ మామూలుగా దాటలేని అడ్డుగోడను ఎంత తేలికగా దాటిపోతోందో కొలిచి చెప్పడం. ఆ కొలతకు అరడజను మార్గాలున్నాయి. వాటిలో ఏది కొత్తదో, ఏది ఎక్కువ వ్యాసాల్లో కనబడుతోందో చూసి ఎంచుకోవడం సరైన దారి కాదని నా అభిప్రాయం. కొలవబోయేది ఏ రకం టన్నెలింగో, దాని పరిమాణం సుమారుగా ఎంతో ముందే అంచనా వేసుకుంటే, పనికిరాని పద్ధతులు వాటంతటవే పక్కకు తొలగి, ఒకటో రెండో మిగులుతాయి.

ముందుగా, ఏ టన్నెలింగ్?

ఒకే పేరు కింద రెండు వేర్వేరు రాశులు నడుస్తుంటాయి. మొదటిది, డాట్‌కూ దాని పక్కనున్న ఎలక్ట్రాన్ రిజర్వాయర్‌కూ (ఎలక్ట్రాన్‌లు నిండుగా ఉండే ప్రాంతానికీ) మధ్య ఎలక్ట్రాన్ సెకనుకు ఎన్నిసార్లు దాటుతుందన్న రేటు. రిజర్వాయర్‌లో లెక్కలేనన్ని స్థితులు ఉంటాయి కనుక అందులోకి వెళ్లిన ఎలక్ట్రాన్ తన క్వాంటమ్ దశను నిలుపుకుని తిరిగి రాదు. ఇది కేవలం సంభావ్యతల లెక్క. రెండవది, పక్కపక్కనున్న రెండు డాట్‌ల మధ్య టన్నెల్ కప్లింగ్. ఇక్కడ ఎలక్ట్రాన్ తరంగం రెండు వైపులా ఒకేసారి విస్తరించి ఉంటుంది కనుక దీన్ని సెకనుకు ఇన్నిసార్లని కాక, శక్తి రూపంలో మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టులలో చెబుతారు.

క్యూబిట్‌కు ఈ రెండూ కావాలి, అయితే వేర్వేరు పనులకు. 1998లో డేనియల్ లాస్, డేవిడ్ డివిన్సెంజో ప్రతిపాదించిన పథకంలో పొరుగు స్పిన్‌ల మధ్య ఎక్స్ఛేంజ్ (ఒక స్పిన్ మరొకదాన్ని ప్రభావితం చేసే) బలాన్ని డాట్‌ల మధ్య అడ్డుగోడను ఎత్తడం, దించడం ద్వారా నియంత్రిస్తారు. ఆ బలం కప్లింగ్ వర్గానికి అనుపాతంలో ఉంటుంది కనుక కప్లింగ్‌లో పదిశాతం పొరపాటు ఎక్స్ఛేంజ్‌లో ఇరవైశాతం పొరపాటుగా మారుతుంది. 2004లో డెల్ఫ్ట్‌లో ఎల్జర్మన్ బృందం చేసి చూపిన స్పిన్‌ను ఒక్క కొలతలోనే చదివే పద్ధతిలో మాత్రం అసలు పాత్ర రిజర్వాయర్ రేటుది: పైస్థాయి స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్ రిజర్వాయర్‌లోకి వెళ్లిపోతుంది, కిందిస్థాయిది నిలిచిపోతుంది. ఆ నిష్క్రమణ సెన్సర్ పట్టుకోలేనంత వేగంగానూ ఉండకూడదు, స్పిన్ తనంతట తాను సడలిపోయేలోపు జరగనంత నిదానంగానూ ఉండకూడదు.

అడ్డుగోడ ఎత్తును నియంత్రించే ఎలక్ట్రోడ్, అంటే అడ్డుగోడ గేటు, మీద వోల్టేజిని కొన్ని పదుల మిల్లీవోల్టులు మార్చితే టన్నెలింగ్ రేటు పదింతలో వందింతలో మారిపోతుంది, ఎందుకంటే ఆ సంబంధం ఘాతీయమైనది. అందువల్ల ఒకే పరికరంలో ఉదయం కొలిచిన పద్ధతి సాయంత్రానికి చాలకపోవచ్చు. ఏ ఒక్క పద్ధతీ మొత్తం పరిధిని కప్పదన్న విషయాన్ని మొదటే ఒప్పుకుని పథకం వేసుకోవడం మేలు.

రెండు కొలబద్దలు

మొదటి కొలబద్ద ఉష్ణోగ్రత. 100 మిల్లీకెల్విన్ వద్ద ఉష్ణశక్తి 8.6 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టులు. ఒక గిగాహెర్ట్జ్ పౌనఃపున్యానికి సమానమైన శక్తి 4.14 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టులు కనుక, 100 మిల్లీకెల్విన్ అంటే సుమారు 2.1 గిగాహెర్ట్జ్. ఇక్కడ లెక్కించవలసింది డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ (చిప్‌ను మిల్లీకెల్విన్‌లకు చల్లబరిచే యంత్రం) తెరమీద కనిపించే పది, ఇరవై మిల్లీకెల్విన్‌లను కాదు. తీగల వెంట దిగివచ్చే నాయిస్ వల్ల చిప్‌లోని ఎలక్ట్రాన్‌లు అంతకంటే వేడిగా, చాలా ప్రయోగాల్లో 50 నుండి 150 మిల్లీకెల్విన్ మధ్య ఉంటాయి. లెక్కలోకి రావలసింది ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతే.

రెండవ కొలబద్ద బ్యాండ్‌విడ్త్, అంటే మీ తీగలూ ఆంప్లిఫైయరూ ఎంత వేగంగా మారే సిగ్నల్‌ను దాటనిస్తాయన్నది. గది ఉష్ణోగ్రత వద్ద ఉన్న ఆంప్లిఫైయర్, కిందివరకు దిగే పొడవాటి తీగలు, వాటి మధ్యలోని ఫిల్టర్లు అన్నీ కలిసిన మామూలు ఏర్పాటులో అది కొన్ని కిలోహెర్ట్జ్ నుండి కొన్ని పదుల కిలోహెర్ట్జ్ వరకే ఉంటుంది. డాట్‌ల మధ్య కప్లింగ్‌ను మొదటి కొలబద్దతో, రిజర్వాయర్ రేటును ముఖ్యంగా రెండవదానితో పోల్చి చూడాలి.

నేరుగా కరెంటు పంపి చూడడం

అన్నిటికంటే పాతదీ, ఏర్పాటులో సులభమైనదీ ఇదే. డాట్‌కు ఇరువైపులా ఉన్న రిజర్వాయర్‌ల మధ్య చిన్న వోల్టేజి పెట్టి కరెంటు కొలుస్తారు. ఎడమవైపు రేటునూ కుడివైపు రేటునూ గుణించి, వాటి మొత్తంతో భాగించి, ఎలక్ట్రాన్ ఆవేశంతో గుణిస్తే కరెంటు వస్తుంది. రెండు వైపులా సెకనుకు పదిలక్షలు చొప్పున ఉంటే వచ్చేది 80 ఫెమ్టోఆంపియర్లు మాత్రమే. ఒక పికోఆంపియర్ అంటే సెకనుకు 62.4 లక్షల ఎలక్ట్రాన్‌లు కనుక, 100 ఫెమ్టోఆంపియర్ల వరకు స్పష్టంగా చూడగలిగే మంచి ఆంప్లిఫైయర్ ఉన్నా, సెకనుకు ఆరేడు లక్షల కంటే తక్కువ దాటే చోట అది మౌనంగానే ఉంటుంది. క్యూబిట్‌ను చదవడానికి కావలసిన రేట్లు దాదాపుగా అన్నీ ఆ మౌనంలోనే ఉంటాయి. దీనికి తోడు, రెండు గోడల్లో బిగుతుగా ఉన్నదే కరెంటును నిర్ణయిస్తుంది కనుక వదులుగా ఉన్న గోడ గురించి ఏమీ తెలియదు.

అలాగని దీన్ని వదిలేయకూడదు. కొత్త పరికరాన్ని మొదటిసారి చల్లబరచినప్పుడు గేట్లు పనిచేస్తున్నాయా, గోడలు మూసుకుంటున్నాయా అని చూడడానికి కరెంటే నమ్మకమైనది. గేటు వోల్టేజిని శక్తిలోకి మార్చే లీవర్ ఆర్మ్ అనే గుణకాన్ని బయాస్ త్రిభుజాల, అంటే గేటు వోల్టేజిల పటం మీద రెండు డాట్‌ల గుండా కరెంటు పారే త్రిభుజాకారపు ప్రాంతాల, నుండి తీసుకోవచ్చు. గోడలు బాగా వదులై రేటు సెకనుకు పదివేల కోట్ల స్థాయికి చేరినప్పుడు కరెంటు శిఖరం వెడల్పును ఉష్ణోగ్రత కాక టన్నెలింగే నిర్ణయిస్తుంది. అప్పుడు ఆ శిఖరాన్ని లోరెంజ్ ఆకృతితో సరిపోల్చి రేటును నేరుగా చదువుకోవచ్చు. అయితే అంత వదులైన డాట్‌లో క్యూబిట్‌ను ఎవరూ నిలపలేరు.

చార్జ్ సెన్సర్

డాట్ పక్కన మరొక సన్నని కరెంటు మార్గాన్ని ఉంచి, డాట్‌లోకి ఒక ఎలక్ట్రాన్ రాగానే ఆ మార్గపు వాహకత మారడాన్ని గమనించడం 1993లో కేంబ్రిడ్జ్‌లో ఫీల్డ్, ఆయన సహచరులు చూపించిన ఆలోచన. ఆ మార్గం క్వాంటమ్ పాయింట్ కాంటాక్ట్ అనే అతి ఇరుకు దారి కావచ్చు, లేదా ఇంకా సున్నితంగా పనిచేసే మరో డాట్ కావచ్చు. దీనివల్ల డాట్ గుండా కరెంటు పారవలసిన అవసరమే తప్పిపోయింది. ఒకే ఒక రిజర్వాయర్‌కు అంటుకుని, సెకనుకు పదిసార్లు మాత్రమే ఎలక్ట్రాన్ దాటే డాట్‌ను కూడా చూడవచ్చు.

రేటు సెన్సర్ బ్యాండ్‌విడ్త్ కంటే బాగా తక్కువగా ఉన్నప్పుడు ఎలక్ట్రాన్ లోపలికి వచ్చిన క్షణం, బయటికి పోయిన క్షణం కాలరేఖ మీద మెట్లలాగా కనబడతాయి. కరెంటు కొలతకూ దీనికీ ఉన్న తేడా, చీనీ తోటలో మోటారు దగ్గర మీటరు చూసి మొత్తం పారుదల తెలుసుకోవడానికీ, ఒక చెట్టు మొదట్లో కూర్చుని డ్రిప్పర్ చుక్కలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడానికీ ఉన్న తేడాయే. 2004లో వాండర్‌సైపెన్ బృందం గాలియం ఆర్సెనైడ్ డాట్‌లో, సెన్సర్ వాహకత ఒక శాతం మాత్రమే మారే పరిస్థితిలో, 8 మైక్రోసెకన్ల ఎడంతో జరిగిన రెండు ఘటనలను విడదీసి చూడగలిగింది. ఎలక్ట్రాన్ ఎంతసేపు లోపల ఉంది, ఎంతసేపు బయట ఉంది అన్న కాలాలను హిస్టోగ్రామ్‌గా గీస్తే ఘాతీయంగా తగ్గే రెండు వక్రాలు వస్తాయి; అవి తగ్గే వేగాలే రెండు రేట్లు. ఇతర పద్ధతుల్లో ఒక నమూనాను ఊహించుకుని దానిలో నుండి రేటును రాబట్టాలి. ఇక్కడ రేటు కంటికి కనిపిస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి ఇదేనని దాచను.

అయినా ఇందులో రెండు జాగ్రత్తలు చాలామంది విస్మరిస్తారు. ఒకటి, సెన్సర్ పట్టలేనంత త్వరగా ముగిసిన సందర్శనలు లెక్కలోకి రావు. ఎలక్ట్రాన్ క్షణకాలం బయటికి పోయి తిరిగి వస్తే రికార్డులో అది కదలనట్టే ఉంటుంది కనుక రెండు స్థితుల కాలాలూ ఉన్నదానికంటే పొడవుగా, రేట్లు తక్కువగా కనబడతాయి. ఆంప్లిఫైయర్ 20 కిలోహెర్ట్జ్ వరకు పనిచేస్తుందంటే రేటు సెకనుకు 20 వేల వరకు కొలవవచ్చని అర్థం కాదు. దిద్దుబాటు చేయకుండా నమ్మదగినది ఒకటి రెండు వేల వరకే. రెండవది స్పిన్. అయస్కాంత క్షేత్రం లేనప్పుడు ఖాళీ డాట్‌లోకి ఎలక్ట్రాన్ పైస్పిన్‌తోనైనా కిందిస్పిన్‌తోనైనా రావచ్చు, బయటికి పోయేటప్పుడు మాత్రం ఉన్న ఒక్క స్పిన్‌తోనే పోవాలి. అందువల్ల లోపలికి వచ్చే రేటుకు రెండు అనే గుణకం తోడవుతుంది, రెండు రేట్లు సమానమయ్యే చోటు ఫెర్మి స్థాయి (రిజర్వాయర్‌లో ఎలక్ట్రాన్‌లు నిండి ఉన్న శక్తి హద్దు) నుండి ఉష్ణశక్తిలో 0.69 వంతు జరుగుతుంది. ఈ గుణకాన్ని వదిలేసి గీసిన వక్రం ఎక్కడో ఒకచోట సరిపోలనే సరిపోలదు, విద్యార్థి నెపాన్ని నాయిస్ మీదకు నెడతాడు.

రేటు సెన్సర్ బ్యాండ్‌విడ్త్‌కు దగ్గరగా వచ్చినప్పుడు పల్సు పద్ధతికి మారాలి. గేటు మీద చతురస్రాకారపు వోల్టేజి పెట్టి ఎలక్ట్రాన్‌ను ఒక క్షణంలో లోపలికి, మరుక్షణంలో బయటికి ఆహ్వానిస్తూ, వేలాదిసార్లు సగటు తీస్తే ఒక్కసారి చూసినప్పుడు నాయిస్‌లో మునిగిపోయే ఘాతీయ వక్రం పైకి తేలుతుంది. పల్సును వేగవంతం చేసుకుంటూ పోతే ఏదో ఒక దశలో ఎలక్ట్రాన్ దాన్ని అనుసరించలేక సిగ్నల్ పడిపోతుంది. ఆ పడిపోయే చోటే రేటుకు సూచిక. పైగా ఉత్తేజిత స్థితి కూడా పల్సు కిటికీలోకి వస్తే రేటు ఒక్కసారిగా పెరగడం కనబడుతుంది, కాబట్టి ఇది వర్ణపట పరిశీలనగా కూడా పనికొస్తుంది. సగటు తీయడం నాయిస్‌ను జయిస్తుంది గాని బ్యాండ్‌విడ్త్‌ను జయించదు. దాన్ని కూడా దాటాలంటే పల్సును అడ్డుగోడ గేటు మీదనే ఇవ్వాలి: గోడను కొద్ది నానోసెకన్లు దించి, వెంటనే ఎత్తి ఎలక్ట్రాన్‌ను ఉన్నచోటనే బంధించి, ఆ తరువాత తీరికగా చదవాలి. అప్పుడు కాలాన్ని కొలిచే బాధ్యత సెన్సర్ నుండి పల్సు జనరేటర్‌కు మారుతుంది.

సెన్సర్ ఊరికే చూస్తూ కూర్చోదు. దానిలో పారే కరెంటు ఫోటాన్‌లనూ ఫోనాన్‌లనూ (స్ఫటికపు కంపనాలనూ) వెదజల్లి డాట్‌లోని ఎలక్ట్రాన్‌ను కదిలిస్తుంది. సెన్సర్ బయాస్‌ను సగానికి తగ్గించి మళ్లీ కొలిచినప్పుడు రేటు మారితే, మొదట కొలిచినది డాట్ స్వభావాన్ని కాదు, సెన్సర్ చేసిన అలజడిని.

రేడియో పౌనఃపున్యం ఎవరికి?

1998లో షోల్‌కాఫ్ బృందం ఒకే ఎలక్ట్రాన్ ట్రాన్సిస్టర్‌ను ఇండక్టర్‌తో జతచేసి, దాని నుండి పరావర్తనమయ్యే రేడియో తరంగాన్ని చదివి, 100 మెగాహెర్ట్జ్‌కు పైబడిన బ్యాండ్‌విడ్త్ చూపింది. 2007లో రైలీ బృందం ఇదే ఉపాయాన్ని క్వాంటమ్ పాయింట్ కాంటాక్ట్‌కు వర్తింపజేసింది. 820 నానోహెన్రీల ఇండక్టర్, చిప్ దగ్గర ఎలాగూ ఉండే 0.5 పికోఫారడ్ పరాన్న (తీగలూ ప్యాడ్‌లూ తెచ్చే అనవసరపు) కెపాసిటెన్స్ కలిస్తే సుమారు 250 మెగాహెర్ట్జ్ వద్ద అనునాదం వస్తుంది. నాణ్యతా గుణకం 50 అనుకుంటే బ్యాండ్‌విడ్త్ 5 మెగాహెర్ట్జ్. మామూలు తీగల ఏర్పాటు కంటే అది వందల రెట్లు ఎక్కువ. ఒక్క మైక్రోసెకనులో ఎలక్ట్రాన్ ఉందో లేదో చెప్పగల స్థాయి ఇది.

దీనికి 4 కెల్విన్ వద్ద కూర్చునే ఆంప్లిఫైయర్, డైరెక్షనల్ కప్లర్, కోయాక్సియల్ తీగలు, పైన డీమాడ్యులేషన్ పరికరాలు కావాలి. ఇవన్నీ అప్పటికే అమర్చి ఉన్న ప్రయోగశాలలో వాడకుండా ఉండడం తెలివితక్కువ. లేనిచోట మాత్రం రెండు నెలల ఇంటర్న్‌షిప్‌లో దీన్ని కొత్తగా నిర్మించే బాధ్యత నెత్తికెత్తుకోవద్దని నా సలహా. గోడను కొంచెం బిగించి రేటును నిదానం చేసుకుంటే మామూలు సెన్సర్ చాలు. ఆ ఘాతీయ సంబంధాన్ని మూడు నాలుగు వోల్టేజిల వద్ద నిర్ధారించుకుని వేగవంతమైన వైపుకు పొడిగించవచ్చు. ఒక మాట సిలికాన్ గురించి. గేటు కింద ఎలక్ట్రాన్‌లను పోగుచేసే పరికరాల్లో ఆ పెద్ద గేటుకూ ఎలక్ట్రాన్ పొరకూ మధ్య ఉండే కెపాసిటెన్స్ రేడియో సిగ్నల్‌ను పక్కదారి పట్టిస్తుంది. గాలియం ఆర్సెనైడ్‌లో మొదటి ప్రయత్నంలోనే పనిచేసిన సర్క్యూట్ ఇక్కడ మొండికేస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. గేట్ల వైశాల్యాన్ని తగ్గించి గీసిన చిప్ కావాలి.

రెండు డాట్‌ల మధ్య కప్లింగ్

ఇక్కడ ప్రామాణికమైన మార్గం 2004లో డికార్లో, ఆయన సహచరులు చూపినది. ఎలక్ట్రాన్ ఎడమ డాట్ నుండి కుడి డాట్‌కు మారే గీత మీదుగా గేటు వోల్టేజిలను మెల్లగా నడిపిస్తూ సెన్సర్ సిగ్నల్‌ను గీస్తారు. కప్లింగ్ బలహీనమైతే మెట్టు నిటారుగా, బలమైతే వాలుగా ఉంటుంది. ఆ మెట్టు వాలును శక్తి అక్షం మీద గీస్తే ఒక శిఖరం వస్తుంది; అందులో కప్లింగ్ వల్ల వచ్చే వెడల్పు కప్లింగ్‌కు 3.07 రెట్లు, ఉష్ణోగ్రత వల్ల వచ్చే వెడల్పు ఉష్ణశక్తికి 3.53 రెట్లు, రెండూ శిఖరపు సగం ఎత్తు దగ్గర కొలిచినవి. అంటే 100 మిల్లీకెల్విన్ వద్ద ఉష్ణోగ్రత ఒక్కటే 30 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టుల వెడల్పు ఇస్తుంది, కప్లింగ్ 10 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టులు ఉంటే గాని దానితో సమానమైన వెడల్పు రాదు. కప్లింగ్ 3 లేదా 4 మాత్రమే ఉన్నచోట కంప్యూటర్ ఏదో ఒక అంకెను, చక్కటి దోషపరిమితితో సహా, ఇచ్చి తీరుతుంది. అది ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతను ఎంతని పెట్టారో దాన్నిబట్టి మారే అంకె.

అందువల్ల వరుసక్రమం ముఖ్యం. ముందు అడ్డుగోడను బాగా బిగించి, కప్లింగ్ ప్రభావం లేకుండా చేసి, ఫ్రిజ్‌ను 50, 100, 200, 300 మిల్లీకెల్విన్‌ల వద్ద నిలిపి మెట్టు వెడల్పును కొలవాలి. అధిక ఉష్ణోగ్రతల వైపు వచ్చే సరళరేఖ వాలు లీవర్ ఆర్మ్‌ను ఇస్తుంది, తక్కువ ఉష్ణోగ్రతల వైపు అది చదునుగా మారే చోటు ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతను ఇస్తుంది. ఈ రెండింటినీ స్థిరపరచుకున్న తరువాతనే గోడను తెరిచి కప్లింగ్‌ను ఏకైక అజ్ఞాతరాశిగా సరిపోల్చాలి. మూడింటినీ ఒకేసారి వదిలి సరిపోల్చిన పట్టికలను నేను లెక్కచేయను. అలాగే, కొందరు రెండు స్థాయిల మధ్య కనీస ఎడాన్ని కప్లింగ్‌కు రెట్టింపుగా, మరికొందరు కప్లింగ్‌గానే రాస్తారు. రెండు వ్యాసాల అంకెలను పోల్చే ముందు ఏది ఎవరి ఆచారమో చూసుకోకపోతే పోలికలోనే రెండింతల తేడా దొర్లుతుంది. ఈ వ్యాసంలో కనీస ఎడం కప్లింగ్‌కు రెట్టింపు.

ఉష్ణోగ్రత అడ్డు వచ్చేచోట మైక్రోవేవ్ సాయపడుతుంది. ఫోటాన్ శక్తి రెండు స్థాయిల మధ్య ఎడంతో సరిపోయినప్పుడు ఎలక్ట్రాన్ ఒక డాట్ నుండి మరొక డాట్‌కు దూకుతుంది. 2004లోనే పెట్టా బృందం దీన్ని చార్జ్ సెన్సర్‌తో గమనించింది. పౌనఃపున్యాన్ని మార్చుతూ శిఖరాల స్థానాలను గీస్తే వచ్చే అతిపరావలయం దూరపు వాలు నుండి లీవర్ ఆర్మ్‌నూ, అడుగుభాగం నుండి కప్లింగ్‌నూ ఒకేసారి ఇస్తుంది. ఉష్ణోగ్రతను వేరుగా తెలుసుకోవలసిన పనిలేదు. ఇంత చక్కని పద్ధతికి కూడా హద్దుంది. ఫోటాన్ శక్తి 40, కనీస ఎడం 4 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టులు అయితే శిఖరం జరిగేది అరశాతమే, దాన్ని ఎవరూ నమ్మకంగా చదవలేరు. ఎడానికి దగ్గరి పౌనఃపున్యానికి, అంటే ఒక గిగాహెర్ట్జ్‌కు దిగితే, 100 మిల్లీకెల్విన్ వేడి రెండు స్థాయిలనూ సమానంగా నింపేసి శిఖరాన్నే మింగేస్తుంది. కాబట్టి కప్లింగ్ సుమారు 5 నుండి 40 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టుల వరకు ఉన్నచోట మైక్రోవేవ్‌ను ఎంచుకోండి.

అంతకంటే చిన్నదైతే, గీత మీదుగా నియమిత వేగంతో దాటి ఎలక్ట్రాన్ ఎన్నిసార్లు వెనుకబడిపోయిందో లెక్కించే లాండావు-జెనర్ మార్గం ఉంది. కప్లింగ్ ఒక మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టు అయితే నానోసెకనుకు 9.5 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టుల వేగంతో దాటించినప్పుడు మూడింట ఒకవంతుకు కొంచెం పైగా వెనుకబడతాయి. కప్లింగ్ పదోవంతైతే ఆ వేగం నూరోవంతు చాలు. దాటిన తరువాత ఎలక్ట్రాన్ తనంతట తాను సడలి మారిపోతే లెక్క చెడుతుంది కనుక, క్యూబిట్ ఇప్పటికే పనిచేస్తున్న పరికరంలో స్పిన్ ఎక్స్ఛేంజ్ డోలనాల నుండి వెనక్కి లెక్కగట్టడమే నాకు ఎక్కువ భరోసా ఇస్తుంది.

గేటు ద్వారానే చదవడం

సెన్సర్‌కు చిప్ మీద స్థలం కావాలి, దానికి తనదైన రిజర్వాయర్‌లూ గేట్లూ కావాలి. డాట్‌లు పదుల సంఖ్యలో పెరిగేకొద్దీ అది మోయలేని భారం. అందుకే డాట్‌ను నియంత్రించే గేటుకే అనునాద సర్క్యూట్‌ను తగిలించి చదివే మార్గం ఊపందుకుంది: 2010లో పీటర్సన్ బృందం, 2013లో కోలెస్ బృందం దారి చూపగా, 2015లో గొంజాలెజ్-జల్బా బృందం సిలికాన్ నానోవైర్ ట్రాన్సిస్టర్‌లో రూట్ హెర్ట్జ్‌కు 37 మైక్రోఎలక్ట్రాన్ (ఎలక్ట్రాన్ ఆవేశంలో పదిలక్షలో వంతులు 37) సున్నితత్వాన్ని చేరింది. 2018, 2019లలో పలు బృందాలు ఈ మార్గంలోనే ఒక్కసారి చదివి స్పిన్‌ను చెప్పగలిగాయి.

ఇక్కడ కొలిచేది క్వాంటమ్ కెపాసిటెన్స్. ఎలక్ట్రాన్ రెండు డాట్‌ల మధ్య రేడియో తరంగపు లయకు తగ్గట్టు ఊగితే గేటుకు అదనపు కెపాసిటెన్స్ కనబడుతుంది. లీవర్ ఆర్మ్ 0.1, కప్లింగ్ 10 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టులు అయితే గీత నడుమ అది గరిష్ఠంగా 40 ఆటోఫారడ్‌లు. పైన చెప్పిన 250 మెగాహెర్ట్జ్ సర్క్యూట్‌ను అది కదిలించేది పది కిలోహెర్ట్జ్ మాత్రమే. లీవర్ ఆర్మ్ 0.3 ఉంటే సిగ్నల్ తొమ్మిదింతలవుతుంది, ఎందుకంటే అది వర్గంగా వస్తుంది. గేటు డాట్‌ను గట్టిగా చుట్టుకుని ఉండే సిలికాన్ నానోవైర్‌లలో ఈ పద్ధతి బాగా రాణించడానికీ, గేట్లు ఎలక్ట్రాన్ పొరకు దూరంగా ఉండే గాలియం ఆర్సెనైడ్‌లో ఇబ్బందిపడడానికీ ప్రధాన కారణం ఇదే. అనునాద శిఖరపు వెడల్పు నుండి కప్లింగ్‌ను చదవవచ్చు, అయితే పాత హద్దులు ఇక్కడా వదలవు: కప్లింగ్ ఉష్ణశక్తి కంటే చిన్నదైతే పైస్థాయిలోని ఎలక్ట్రాన్‌ల వ్యతిరేక కెపాసిటెన్స్ సిగ్నల్‌ను రద్దు చేస్తుంది, పెద్దదైతే సిగ్నల్ విలోమంగా తగ్గుతుంది.

ఈ పద్ధతిని ఎంచుకునేవారు ఒక విషయాన్ని మనసులో ఉంచుకోవాలి. రిజర్వాయర్‌తో టన్నెలింగ్ రేడియో పౌనఃపున్యం కంటే బాగా నిదానమైతే ఎలక్ట్రాన్ లయను అనుసరించదు, గీత కనబడనే కనబడదు. గేటు వోల్టేజిల పటంలో ఎలక్ట్రాన్ మార్పును చూపే గీతలు ఆగిపోయాయి కనుక డాట్ ఖాళీ అయిందని, ఇదే చివరి ఎలక్ట్రాన్ అని తీర్మానించడానికి వీల్లేదు; గోడ బిగుసుకుని ఉండవచ్చు. చార్జ్ సెన్సర్ అటువంటి గీతను కూడా చూపుతుంది, మరీ నిదానమైతే వోల్టేజి నడక దిశను బట్టి గీత చోటు మారుతూ చిరిగినట్టు కనబడి, తానే హెచ్చరిస్తుంది. ఎన్ని ఎలక్ట్రాన్‌లు ఉన్నాయో లెక్క తేలనంతవరకు గేటు ఒక్కదాని మీదే ఆధారపడవద్దని అంటాను.

ఒకే ఒక్క శీతలీకరణకు అవకాశం దొరికిన విద్యార్థి నన్ను అడిగితే, మొదటి పూట కరెంటుతో గేట్లు పరీక్షించి, వెంటనే మామూలు చార్జ్ సెన్సర్‌కు మారి, రిజర్వాయర్ రేటును సెకనుకు వెయ్యి దగ్గరకు దించుకుని కాలరేఖలు సేకరించమని, ఫ్రిజ్ ఉష్ణోగ్రత మెట్లతో లీవర్ ఆర్మ్ తేల్చుకుని డికార్లో వక్రానికి వెళ్లమని చెబుతాను. మైక్రోవేవ్ తీగ ఇప్పటికే ఉంటే దానితో సరిచూసుకోవాలి. గేటు పద్ధతిని ప్రధానంగా తీసుకోవలసింది, చిప్ మీద సెన్సర్‌కు చోటే లేనివారు, డాట్‌ల సంఖ్యను పెంచడమే లక్ష్యంగా ఉన్నవారు.

ఫ్రిజ్ లేనిచోట

డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ అందుబాటులో లేకున్నా అనంతపురంలోనో కర్నూలులోనో కూర్చుని ఈ ఎంపికలో రెండు భాగాలను నేర్చుకోవచ్చు. ఒకటి విశ్లేషణ: అనేక బృందాలు తమ వ్యాసాలతోపాటు ముడి దత్తాంశాన్ని బహిరంగంగా ఉంచుతున్నాయి కనుక, కాలరేఖల నుండి హిస్టోగ్రామ్ తీసి రేట్లు లెక్కగట్టడం, మెట్టు వక్రాన్ని సరిపోల్చడం ల్యాప్‌టాప్‌లో పైథాన్‌తో చేయవచ్చు. తామే యాదృచ్ఛిక మెట్లను సృష్టించి, వాటిని కృత్రిమంగా ఫిల్టర్ చేసి, తాము పెట్టిన రేటు తమకే తిరిగి వస్తుందో లేదో చూడడం భౌతికశాస్త్ర విద్యార్థులకు మంచి ఆరంభం.

ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు రెండవది ఎక్కువ నచ్చుతుంది. రేడియో పరావర్తనం సర్క్యూట్‌ను గది ఉష్ణోగ్రత వద్దనే చిన్న బోర్డు మీద కట్టవచ్చు. సెన్సర్ స్థానంలో ఒక నిరోధకం పెట్టి, కొన్ని వేల రూపాయలకు దొరికే నానోవీఎన్‌ఏ అనే చిన్న పౌనఃపున్య విశ్లేషక పరికరంతో అనునాదపు లోతును చూడవచ్చు. 820 నానోహెన్రీలకు, 0.5 పికోఫారడ్‌కు, 50 ఓమ్‌ల తీగతో సంపూర్ణంగా సరిపోయే నిరోధం దాదాపు 33 కిలోఓమ్‌లు. మామూలు బోర్డు మీద పరాన్న కెపాసిటెన్స్ 2 పికోఫారడ్‌ల వరకు ఉంటుంది కనుక అనునాదం సుమారు 124 మెగాహెర్ట్జ్‌కు దిగుతుంది, సరిపోయే నిరోధం 8 కిలోఓమ్‌లకు పడిపోతుంది. సెన్సర్‌గా వాడే డాట్ నిరోధం మామూలుగా అంతకంటే బాగా ఎక్కువ కనుక, అలాంటి బోర్డును ఫ్రిజ్‌లోకి దించితే సిగ్నల్ సన్నగిల్లుతుంది. గ్రౌండ్ రాగిపొరను ఇండక్టర్ కింద నుండి తొలగించి, ప్యాడ్‌ను చిన్నది చేసి, మళ్లీ కొలిచి ఎన్ని పికోఫారడ్‌లు తగ్గాయో చూడండి. ఇండక్టర్ కొనేముందు దాని స్వీయ అనునాద పౌనఃపున్యం మీ పౌనఃపున్యానికి బాగా పైన ఉందో లేదో డేటాషీట్‌లో సరిచూసుకోండి.